మా మనవరాలి పేరు ఏ రిజిస్టరులో రాస్తారు?

శిశు బాప్తిస్మం ఇచ్చే తెలుగు సంఘాల బిషప్పులకు, అధ్యక్షులకు, పాస్టరు అయ్యగార్లకు, కమిటీ పెద్దలకు బహిరంగ లేఖ

ప్రభువునందు మీ అందరికీ వందనాలు.

నేను 31 ఏళ్లుగా సండే స్కూలు చెబుతున్నాను. నెలల పిల్లగా ఉన్నప్పుడే బాప్తిస్మం పొందినదాన్ని. ఆ రోజు మా అమ్మానాన్నలు నన్ను ఎత్తుకుని నిలబడి చేసిన ప్రమాణాలను పద్నాలుగో ఏట కన్ఫర్మేషన్ రోజున నా నోటితో నేను ఒప్పుకున్నాను. ఆ నీళ్లు నాకు చాలు. మళ్లీ మునగాలని ఏనాడూ అనిపించలేదు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే శిశు బాప్తిస్మం తప్పని వాదించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. బిడ్డ పెద్దయ్యాక తానే అడిగి బాప్తిస్మం పొందాలని కోరుకునే తల్లిదండ్రులు మన సంఘాల్లోనే ఉన్నారు. వాళ్ల బిడ్డకు మన గుడిలో చోటెక్కడ అని అడగడానికి రాస్తున్నాను.

మా కోడలు ఒంగోలు వైపు బాప్టిస్టు కుటుంబంలో పుట్టింది. పదిహేడో ఏట సంఘం ఎదుట తన సాక్ష్యం తానే చెప్పుకుని నీళ్లలోకి దిగిన పిల్ల. పెళ్లయ్యాక ఏ గొణుగుడూ లేకుండా మా సంఘానికి వచ్చింది, కొయిర్‌లో పాడుతోంది, స్త్రీల సమాజం పని చేస్తోంది. కిందటేడు వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. పురిటి నుంచి వచ్చిన నెలలోపే నేను ట్రంకు పెట్టె తెరిచి, మా అబ్బాయికి బాప్తిస్మం రోజున వేసిన తెల్ల గౌను బయటికి తీశాను. కలరా ఉండల వాసన పోయేదాకా రెండుసార్లు ఉతికి, నీడన ఆరబెట్టి, మెడ దగ్గర తెగిన లేసు కుట్టి ఉంచాను.

ఒక రాత్రి అన్నాలయ్యాక మా అబ్బాయి, కోడలు ఇద్దరూ వచ్చి నా పక్కన కూర్చున్నారు. "అమ్మా, పాపను దేవునికి ప్రతిష్ఠ చేయిద్దామనుకుంటున్నాం. బాప్తిస్మం తను అడిగినప్పుడు" అన్నాడు వాడు. కోడలు తల వంచుకుని ఉంది, నేను ఏమంటానో అని. అబద్ధం చెప్పను, నాకు గుండె కలుక్కుమంది. మూడు తరాలుగా మా ఇంటి పిల్లలందరి పేర్లూ ఒకే రిజిస్టరులో ఉన్నాయి. కానీ వాళ్లు నెలల తరబడి ప్రార్థన చేసుకుని తీసుకున్న నిర్ణయం అది. బిడ్డ విషయంలో దేవుడు లెక్క అడిగేది ముందు వాళ్లనే, తర్వాతే నాయనమ్మను.

ముగ్గురం అయ్యగారి దగ్గరికి వెళ్లాం. ఆయన మంచివారు, ఆ మాట చెప్పకపోతే తప్పు. "మన క్రమంలో అలాంటిది లేదమ్మా. బాప్తిస్మం అంటే ఈ ఆదివారమే ఇస్తాను" అన్నారు. కమిటీలో ఒక పెద్దాయన, "అది వాళ్ల పద్ధతి, వాళ్ల దగ్గరే చేయించుకోండి" అన్నారు. బాప్తిస్మం లేకపోతే పేరు రిజిస్టరులోకి ఎక్కదన్నారు. చివరికి అయ్యగారు జాలిపడి, ఆరాధన అయ్యాక వెస్ట్రీలో, అంటే గుడిని ఆనుకున్న చిన్న గదిలో, ప్రార్థన చేస్తానన్నారు. చేశారు. కానుక సంచులు, ఇనుప బీరువా, గోడకు ఆనించిన మడత కుర్చీల మధ్య రెండు నిమిషాల ప్రార్థన. బయట జనం చెప్పులు వెతుక్కుంటున్నారు. కోడలు బిడ్డను భుజాన వేసుకుని బయటికి వచ్చి ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆ తర్వాత వారం మా ఇంట్లోనే చేసుకున్నాం. మా వియ్యపురాలి సంఘం పాస్టరు గారు పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. ముందుగదిలో చాపలు పరిచాం, ఇరుగుపొరుగుతో కలిపి ఇరవై మందిమి. ఆయన హన్నా కథ చదివారు. అడిగి తీసుకున్న బిడ్డను ఆమె దేవునికే అప్పగించిన భాగం. తర్వాత తల్లిదండ్రులను ప్రశ్నలు అడిగారు. ఈ బిడ్డ దేవుడిచ్చిన ఈవి అని ఒప్పుకుంటున్నారా? ఇంట్లో ప్రార్థన, వాక్యం నేర్పుతారా? మీ నడవడితో చూపిస్తారా? తనంతట తాను క్రీస్తును ఒప్పుకునే రోజు వచ్చినప్పుడు అడ్డుపడకుండా తోడు నిలుస్తారా? ఇద్దరూ ఒక్కొక్కదానికి జవాబు చెప్పారు. అప్పుడు ఆయన మా వైపు తిరిగారు. "ఈ పిల్ల దారి తప్పుతుంటే మీరు చూస్తూ ఊరుకోరు కదా?" అన్నారు. "ఊరుకోం" అన్నారు అందరూ. ఎదురింటి ముసలమ్మ గొంతు అందరికంటే గట్టిగా వినపడింది. ఆయన పాపను చేతుల్లోకి తీసుకుని పేరుపెట్టి ప్రార్థన చేస్తుంటే అది ఆయన కళ్లజోడు తాడు పట్టుకుని ఆమేన్ దాకా వదల్లేదు.

నాకు సంతోషమే. కానీ ఆ "ఊరుకోం" అన్న మాట నేను 31 ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన గుడిలో వినపడాల్సింది. రేపు ఈ పిల్లకు వాక్యం నేర్పాల్సింది ఆ గుడిలోనివాళ్లే. వాళ్లను ఆ మాట ఎవరూ అడగలేదు, అందుకే వాళ్లు చెప్పనూ లేదు. వెస్ట్రీలో మేం పోగొట్టుకున్నది అదే.

అయ్యలారా, ప్రతిష్ఠ అంటే బాప్తిస్మానికి నకలు కాదు. అందులో నీళ్లు లేవు, దాన్ని సంస్కారమని ఎవరూ అనరు. బిడ్డ పక్షాన తల్లిదండ్రులూ సంఘమూ కృతజ్ఞత చెప్పి, ప్రమాణం చేసి, ఆశీర్వాదం అడగడమే అది. మీరు శిశు బాప్తిస్మంలో చదివే మార్కు సువార్త పదో అధ్యాయాన్నే వాళ్లు ప్రతిష్ఠలో చదువుతారు. శిష్యులు గద్దిస్తుంటే యేసు కోపపడి, "ఆటంకపరచవద్దు" అని, పిల్లలను ఎత్తి కౌగిలించుకుని, చేతులుంచి ఆశీర్వదించాడు. అక్కడ జరిగింది అంతే. అది చాలదని మనం అనగలమా?

మీ వాదన నాకు తెలుసు, నేనే పిల్లలకు చెప్పాను. అబ్రాహాము సంతానానికి ఎనిమిదో రోజునే సున్నతి ఇచ్చిన దేవుడు కొత్త నిబంధనలో పిల్లలను బయట నిలబెడతాడా? వాగ్దానం మీకూ మీ పిల్లలకూ అని పేతురు అనలేదా? లూదియ ఇంటివారు, చెరసాల నాయకుడి ఇంటివారు అందరూ బాప్తిస్మం పొందలేదా? దేవుని కృప మన తెలివి కోసం ఆగదని చెప్పడానికి చంటిబిడ్డ తల మీద పోసే నీళ్లకంటే గొప్ప గురుతు ఏముంది? ఈ మాటలు ఈనాటికీ నా మనసును తాకుతాయి. అటువైపు వాళ్లు, నమ్మినవాళ్లు బాప్తిస్మం పొందిన చోట్లను ఒక్కొక్కటే చూపించి, లూదియ ఇంట్లో చంటిబిడ్డలున్నారని ఎక్కడ రాసి ఉందని అడుగుతారు. ఆ ప్రశ్నకూ నా దగ్గర నోరు మూయించే జవాబు లేదు. ఇరువైపులా బైబిలును ప్రేమించేవాళ్లే ఉన్నారు. అయిదు వందల ఏళ్లుగా తెగనిది మా కమిటీ మీటింగులో తెగదు.

ఇదేదో ఈమధ్య టీవీ ప్రసంగీకులు తెచ్చిన పద్ధతి అని మన పెద్దలు కొందరు అనుకుంటున్నారు. కాదు. 1525 జనవరిలో వాల్డ్‌షట్ అనే ఊళ్లో పాస్టరుగా ఉన్న బల్తజార్ హూబ్‌మయర్, బాజెల్‌లోని సంస్కర్త ఎకొలంపాడియస్‌కు ఉత్తరం రాస్తూ తన సంఘంలో ఏం చేస్తున్నదీ చెప్పాడు. బాప్తిస్మానికి బదులు సంఘాన్ని పిలుస్తాడు. బిడ్డను లోపలికి తెస్తారు. పిల్లలను రానియ్యమన్న సువార్త భాగాన్ని జనం భాషలో వివరిస్తాడు. బిడ్డకు పేరు పెడతారు, అందరూ మోకాళ్లూని ఆ బిడ్డ కోసం ప్రార్థిస్తారు. మా ముందుగదిలో జరిగినదానికీ దీనికీ తేడా ఏముంది? నన్ను బాగా కదిలించింది ఆ తర్వాతి సంగతి. తల్లిదండ్రులు ఎంతో ఆశపడి అడిగితే బాప్తిస్మం కూడా ఇస్తానని రాశాడాయన. తాను సరైనది కాదనుకున్న పద్ధతికి కూడా ఒక తల్లి కన్నీళ్ల కోసం చోటిచ్చాడు. మూడేళ్ల తర్వాత 1528 మార్చిలో వియన్నాలో ఆయన్ను సజీవంగా కాల్చేశారు, మూడు రోజులకు ఆయన భార్యను డాన్యూబ్ నదిలో ముంచి చంపారు. అంతకుముందే 1527 జనవరిలో జ్యూరిక్‌లో, సంస్కరణ జరిగిన ప్రొటెస్టంటు నగరంలో, ఫెలిక్స్ మాంజ్‌ను లిమ్మాత్ నదిలో ముంచేశారు. పెద్దలకు మళ్లీ బాప్తిస్మం ఇచ్చారన్నదే నేరం. నీళ్లు కోరినవాడికి నీళ్లనే శిక్షగా వేశారు.

ఇది దూరదేశపు పాత కథ అనుకోకండి. 2004లో జ్యూరిక్ రిఫార్మ్‌డ్ సంఘం ఆ పాపాన్ని ఒప్పుకుంది. 2010 జూలైలో స్టుట్‌గార్ట్‌లో ప్రపంచ లూథరన్ సమాఖ్య, ఆనాడు హింస పడ్డవాళ్ల వారసులైన మెన్నొనైట్లను క్షమాపణ అడిగింది. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పనిలోంచి ఎదిగిన మన ఆంధ్ర లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలే. క్షమాపణ అందుకున్నవాళ్ల బంధువులూ దూరంగా లేరు. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు 19వ శతాబ్దం చివర్లో నల్గొండలో పని మొదలుపెట్టారు, పాలమూరు జిల్లా నిండా వాళ్ల సంఘాలున్నాయి. స్టుట్‌గార్ట్‌లో అడిగిన క్షమాపణ గుంటూరు నుంచి పాలమూరు దాకా రావడానికి ఇంకెన్నాళ్లు పడుతుంది? ఇక్కడ పిల్లనిచ్చి పుచ్చుకుంటున్నాం, కలిసి క్రిస్మస్ చేసుకుంటున్నాం. బిడ్డ పుట్టగానే మళ్లీ 1525లోకి వెళ్లిపోతున్నాం.

మా కోడలి వైపు వాళ్లకు ఇది ఎందుకంత ప్రాణమో కూడా వినండి. 1876 నుంచి 1878 దాకా నడిచిన పెద్ద కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు దగ్గర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. అప్పట్లో జనం గుంపులు గుంపులుగా వచ్చి బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. గంజి కోసం వచ్చినవాళ్లన్న మాట పడకూడదని, పనులు ముగిసేదాకా ఆపారు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఊరి చివర బతుకుతూ, పేరు పెట్టి పిలిచేవాడు లేని మనుషులు, ఆ రోజు ఒక్కొక్కరూ తమ నోటితో తమ విశ్వాసం చెప్పుకుని నదిలోకి దిగారు. "నీకేం కావాలి?" అని వాళ్లను జీవితంలో మొదటిసారి ఎవరో అడిగిన రోజు అది. ఆ ఇళ్లలో పుట్టిన పిల్ల, నా బిడ్డను కూడా ఎవరో ఒకరోజు అలాగే అడగాలి అనుకుంటే అది మొండితనమా?

ఈ రెండు దారులూ ఒకే సంఘంలో ఇమడవని అనేవాళ్లకు మన దేశంలోనే జవాబుంది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిశారు. బాప్టిస్టులు అందులో లేరు, కాబట్టి ఈ ప్రశ్న అంత గట్టిగా తలెత్తలేదు. 1970 నవంబరు 29న నాగపూర్‌లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడినప్పుడు బాప్టిస్టులు, బ్రదరెన్, డిసైపుల్స్ అనే సంఘాలవాళ్లు కూడా కలిశారు. అక్కడ రెండు పద్ధతులకూ సమాన గౌరవం ఇచ్చారు. శిశు బాప్తిస్మం, తర్వాత కన్ఫర్మేషన్ ఒక దారి. చంటిబిడ్డకు ప్రతిష్ఠ, తర్వాత సొంత ఒప్పుకోలుతో బాప్తిస్మం ఇంకొక దారి. ఇంగ్లండు సంఘం కూడా బాప్తిస్మానికి వేరుగా, బిడ్డ పుట్టుకకు కృతజ్ఞత చెప్పే క్రమాన్ని తన ఆరాధన పుస్తకంలో ఉంచింది. 1982లో ప్రపంచ సంఘాల సమాఖ్య వేదాంతులు లీమాలో ఆమోదించిన పత్రం, చంటిబిడ్డల ఆశీర్వాదాన్నీ శిశు బాప్తిస్మాన్నీ పక్కపక్కన పెట్టి చూసింది, ఒకసారి పొందిన బాప్తిస్మాన్ని మళ్లీ ఇవ్వవద్దని గట్టిగా చెప్పింది. నాకు తట్టింది ఒకటే. రెండు దారుల్లోనూ బిడ్డను సంఘం చేతుల్లోకి తీసుకునే రోజు ఒకటుంది, బిడ్డ పెద్దదై నేను నమ్ముతున్నానని చెప్పే రోజు ఒకటుంది. నీళ్లు ఏ రోజున అన్నదే తేడా.

ఒక మాట నా చెవిన పడింది, బాధపడ్డాను, దాచకుండా రాస్తున్నాను. "కులం సర్టిఫికెట్ కోసం బాప్తిస్మం తప్పించుకుంటున్నారేమో" అన్నారు ఒకరు. క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదన్న 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవుల ఇళ్లలో ఎంత భయం పెట్టిందో మీకు నేను చెప్పక్కర్లేదు. రిజిస్టరులో పేరు ఎక్కుతుందంటేనే వణికే తల్లిదండ్రులున్నారు, వాళ్లను నిందించే నోరు నాకు లేదు. కానీ మేం అడుగుతున్నదేమిటి? సంఘమంతటి ఎదుట నిలబెట్టి, పేరు రాయమంటున్నాం. దాచుకునేవాళ్లు అడిగేది ఇదేనా?

ఇంకొకటి. మా పక్క వీధిలో కొన్నేళ్ల కిందట తొమ్మిది రోజుల బిడ్డ పోయాడు. బాప్తిస్మం కాలేదు. సమాధి దగ్గర ఏ క్రమం చదవాలని పెద్దలు గుసగుసలాడుకుంటుంటే ఆ తల్లి వింటూ నిలబడింది. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో, బాప్తిస్మం లేనివారికి ఈ సమాధి క్రమం చదవకూడదన్న మాట ఉంది. బాప్తిస్మం లేకున్నా పిల్లలు రక్షణ పొందుతారన్నవారిని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు తప్పుపట్టింది. మన అయ్యగార్లలో ఎవరూ ఈ రోజు ఆ తల్లి ముఖం చూసి ఆ మాట అనరు, నాకు తెలుసు. అయితే అనరని ఆమెకు ముందే తెలియాలి. తన బిడ్డ ఫలానా ఆదివారం ప్రభువుకు అప్పగించిన బిడ్డ అని రిజిస్టరులో ఒక గీత మీద రాసి ఉంటే ఆ రోజు ఎవరూ గుసగుసలాడేవాళ్లు కారు.

ఇటు బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల పెద్దలకు కూడా ఒక మాట. మా వైపు నుంచి మీ ఇంటికి కోడళ్లుగా, అల్లుళ్లుగా వచ్చినవాళ్లను, నీది చిలకరింపే కదా, మునగకపోతే ప్రభువు బల్ల దగ్గరికి రాకు అనకండి. నా తల మీద పడ్డ నీళ్లను లెక్కలోంచి తీసేస్తే, నన్ను ఎత్తుకున్న మా నాన్న ప్రార్థనను కూడా తీసేసినట్టే. మా కోడలు నాతో ఒక్కసారి కూడా అలా మాట్లాడలేదు. అందుకే ఆమె కోసం ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను. ప్రతిష్ఠను కేకు, ఫ్లెక్సీ, డ్రోను కెమెరాల పండుగగా మార్చకండి. ఆ రోజు తర్వాత ఆ తల్లిదండ్రుల ఇంటికి వెళ్లి ప్రార్థన జరుగుతోందా అని అడిగేవాళ్లు లేకపోతే ఆ ప్రమాణాలు గాలికి పోతాయి. ఈ జబ్బు మా వైపూ ఉంది. బాప్తిస్మం రోజున బిర్యానీ పెట్టి, కన్ఫర్మేషన్ దాకా కనపడని కుటుంబాల పిల్లల పేర్లు నా హాజరు పుస్తకంలో చాలానే ఉన్నాయి.

ఇప్పుడు నా మనవి. మీ సినడ్లలో, మహాసభల్లో ఈ సంగతి చర్చకు పెట్టండి. బిడ్డ ప్రతిష్ఠకు ఆదివారం ఆరాధన మధ్యలో, సంఘమంతటి ఎదుట, మంచి తెలుగులో ఒక క్రమం రాయించండి. సంఘం జవాబు చెప్పే ప్రశ్న ఒకటి అందులో తప్పనిసరిగా ఉంచండి. మనస్సాక్షి ఒప్పని అయ్యగారిని బలవంతపెట్టకండి, పక్క పాస్టరేటు నుంచి ఇంకొకరిని పిలుచుకోనివ్వండి. ప్రతిష్ఠ అయిన బిడ్డకు సండే స్కూల్లో, క్రిస్మస్ నాటికలో, సెలవుల బైబిలు బడిలో, చివరికి సమాధుల తోటలో కూడా మిగతా పిల్లలతో సమానంగా చోటుందని రాతపూర్వకంగా చెప్పండి. శిశు బాప్తిస్మం మీద మీ బోధను ఒక్క అక్షరం కూడా మార్చమని నేను అడగడం లేదు. దాన్ని ఇంకా బాగా బోధించండి. వినీ, ఆలోచించీ, మేం ఆగుతాం అన్న తల్లిదండ్రులను వెస్ట్రీలోకి మాత్రం పంపకండి.

రిజిస్టరు సంగతి చెప్పి ముగిస్తాను. సండే స్కూలు లెక్కల కోసం ఒకసారి పాత బాప్తిస్మపు రిజిస్టరు తెరిచాను. నీలం గుడ్డ అట్ట, అంచులు చెదలు కొట్టినవి. నా పేరు కనపడింది. తేదీ, మా అమ్మానాన్నల పేర్లు, నాకు సాక్షులుగా నిలిచిన ఇద్దరి పేర్లు, అప్పటి అయ్యగారి సంతకం. ఆ ఇద్దరు సాక్షుల్లో ఒకామె నాకు అక్షరాలు నేర్పిన టీచరు. ఆమె సంతకం లేదు, వేలిముద్ర ఉంది. చదువు ఆమెకు తర్వాత వచ్చింది, నా బాధ్యత ముందే తీసుకుంది. మా మనవరాలి కోసం అలా వేలు పెట్టేవాళ్లు మన సంఘంలో ఉన్నారు. పేజీయే లేదు. కావాలంటే కొత్త పుస్తకం నేను కొని, గళ్లు నేనే గీసి తెస్తాను.

వచ్చే నెల రెండో ఆదివారానికి పాపకు ఏడాది నిండుతుంది. ఆ గౌను ఇప్పుడు పట్టదు, లేసు విప్పి కొత్త గౌనుకు కుట్టించాను. ఆ రోజు మేం ఎప్పటిలాగే ఎడమవైపు మూడో వరసలో కూర్చుంటాం. పిలిస్తే ముందుకు వస్తాం.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరి,
ఒక సండే స్కూలు టీచరు